అరిగిన క్లచ్: మనమే మార్చుకుందామా, మెకానిక్కుకు ఇద్దామా?

(స్వర్ణోత్సవాల సందర్భంగా మన పాఠశాల ఆవరణలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



ఒక్కొక్కరూ తమకు తెలిసిన పని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాలని మన సంఘం కార్యవర్గం అడిగింది. నాకు ముందు మాట్లాడిన డాక్టరు మిత్రుడు గుండె గురించి చెప్పాడు. బ్యాంకులో చేసిన చెల్లెమ్మ పెన్షన్ లెక్కలు చెప్పింది. నాకు గుండె గురించీ తెలియదు, లెక్కలూ అంతంతమాత్రమే. ఆ సంగతి ఇక్కడున్న లెక్కల సారుకు బాగా తెలుసు. నేను నాచారం పారిశ్రామికవాడలో టూల్ రూములో 31 ఏళ్లు పనిచేశాను. ఫిట్టరుగా చేరి సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. ఇప్పుడు అన్నోజిగూడలో ఇల్లు కట్టుకుని ఉంటున్నాను. కాబట్టి ఇనుము గురించే మాట్లాడతాను.

పోయిన ఏడాది మా కారు క్లచ్ అరిగింది. అందులో వింతేమీ లేదు. కానీ పానా పట్టడం వచ్చినవాడికి అప్పుడొక ప్రశ్న ఎదురవుతుంది. ఈ పని నేనే చేసుకోవాలా, ఇంకొకరికి ఇవ్వాలా? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడంలో నాకు కొంత భౌతికశాస్త్రం, కొంత డబ్బు లెక్క, కొంత ఇంటి పరిస్థితి, చివరికి మన బడి సంగతి కూడా తగిలాయి. అవి వరసగా చెబుతాను.

ముందు క్లచ్ అంటే ఏమిటో చూద్దాం. ఇంజను తిరుగుతూనే ఉండాలి, చక్రం మాత్రం మనం కావాలన్నప్పుడే తిరగాలి. ఈ రెంటి మధ్య కలిపి విడదీసే గొళ్లెమే క్లచ్. ఇంజను చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది. దాని మీద క్లచ్ ప్లేటు, ఆ ప్లేటును అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు ఉంటాయి. పెడల్ తొక్కితే కేబుల్ లాగి, రిలీజ్ బేరింగ్ ముందుకు జరిగి, ఆ పట్టు వదులుతుంది. కాలు తీస్తే మళ్లీ పట్టుకుంటుంది. పళ్లూ లేవు, గొలుసూ లేదు. అంతా ఘర్షణే. చిన్నప్పుడు సైన్సు సారు ఘర్షణ పాఠం చెబితే అది నష్టం చేసేదని, దాన్ని తగ్గించడానికే నూనె పోస్తారని మనలో చాలామంది గుర్తుపెట్టుకున్నాం. క్లచ్ దగ్గర ఘర్షణే మన ఆస్తి, నూనె మన శత్రువు.

పిల్లల కోసం ఒక చిన్న లెక్క. క్లచ్ మోయగల మెలితిప్పు బలం కావాలంటే నాలుగింటిని గుణించాలి: ఘర్షణ గుణకం, అదిమే బలం, ప్లేటు సగటు వ్యాసార్థం, ఘర్షణ తలాల సంఖ్య. ప్లేటుకు రెండు వైపులా మందు ఉంటుంది కాబట్టి తలాలు రెండు. ఉదాహరణకు గుణకం 0.3, అదిమే బలం 3,000 న్యూటన్లు, సగటు వ్యాసార్థం 6.5 సెంటీమీటర్లు అనుకోండి. గుణిస్తే 117 న్యూటన్ మీటర్లు వస్తుంది. మా ఇంట్లో ఉన్నది 796 సీసీ మూడు సిలిండర్ల ఆల్టో. దాని ఇంజను ఇచ్చే గరిష్ఠ మెలితిప్పు బలం 69 న్యూటన్ మీటర్లు. 69 మోయడానికి 117 ఉంది కాబట్టి దిగులు లేదు. ఇప్పుడు ప్లేటు మీద నాలుగు చుక్కలు ఇంజను ఆయిల్ పడి గుణకం 0.15కు దిగిందనుకోండి. 117 కాస్తా 58.5 అవుతుంది. ప్లేటు కొత్తదైనా, మందంగా ఉన్నా, జారడం మొదలవుతుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంకో లెక్క మన రోడ్డుది. అన్నోజిగూడ నుంచి ఉప్పల్ వెళ్లాలంటే నారపల్లి, మేడిపల్లి, బోడుప్పల్ దాటాలి. మన చిన్నప్పుడు వరంగల్ రోడ్డు అనేవాళ్లం, తర్వాత 202వ నంబరు జాతీయ రహదారి అన్నారు, ఇప్పుడది 163. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పనులకు 2018లో శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ స్తంభాల పక్కన ఇరుకు దారిలో అడుగు అడుగు జరుపుకుంటూ వెళ్లిన వాళ్లం మనమందరం. అలా జరిపేటప్పుడు చాలామంది కాలు సగం పెడల్ మీదే ఉంచుతారు. దాన్నే హాఫ్ క్లచ్ అంటారు. ఇంజను నిమిషానికి 1,200 చుట్లు తిరుగుతోంది, బండి కదలట్లేదు, క్లచ్ మీద 40 న్యూటన్ మీటర్ల బరువు పడుతోంది అనుకుంటే, ఆ ప్లేటు దగ్గర పుట్టే వేడి దాదాపు 5 కిలోవాట్లు. అంటే మన స్నానాల గదిలో గీజర్లు రెండున్నర ఆ చిన్న ప్లేటు మీద పెట్టినట్టు. మండిన వాసన ఊరికే రాదు. అందుకే ఒకరి క్లచ్ 40 వేల కిలోమీటర్లకే పోతుంది, ఇంకొకరిది లక్ష దాటినా నిలుస్తుంది. కారు కంపెనీ కంటే కాలి అలవాటుదే ఇందులో పెద్ద పాత్ర.

ఇక అసలు విషయం. మార్చుకోవాలా, ఇవ్వాలా అనేది రెండో ప్రశ్న. నిజంగా క్లచ్ అరిగిందా అనేది మొదటి ప్రశ్న. చాలామంది ఈ మొదటి ప్రశ్న వేసుకోరు. మెకానిక్ "క్లచ్ పోయింది సార్" అనగానే తలూపుతారు. గేర్‌బాక్స్ దింపితే గానీ క్లచ్ కంటికి కనబడదు కాబట్టి, దింపకముందే బయటి నుంచి తెలుసుకోగలిగినంతా తెలుసుకోవాలి.

అరిగి జారే క్లచ్ ముందుగా పై గేర్లలో బయటపడుతుంది. మూడో గేరులోనో నాలుగో గేరులోనో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజను చప్పుడు పెరుగుతుంది, బండి వేగం మాత్రం పెరగదు. మొదటి గేరులో బండి తేలిగ్గా కదిలిపోతుంది కాబట్టి అక్కడ తెలియదు. ఇంకో పరీక్ష ఉంది. చదునైన చోట, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, చక్రాలకు అడ్డు పెట్టి, మూడో గేరు వేసి మెల్లగా క్లచ్ వదలండి. బాగున్న క్లచ్ అయితే ఇంజను వెంటనే ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టు. ఈ పరీక్ష ఒకసారి చాలు. పదిసార్లు చేస్తే మిగిలిన ప్లేటు కూడా కాలిపోతుంది.

గేర్లు కరకరమంటూ పడకపోవడం, రివర్సు గేరు మొరాయించడం వేరే జబ్బు. అక్కడ క్లచ్ పట్టకపోవడం కాదు, విడవకపోవడం. కేబుల్ సాగినా అలాగే అవుతుంది. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే గీకుతున్న చప్పుడొస్తే రిలీజ్ బేరింగును అనుమానించాలి. తొక్కనప్పుడు వచ్చి తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ లోపలి బేరింగును చూడాలి. కదిలేటప్పుడు బండి వణికితే ఇంజను మౌంటింగులు చూడాలి. కేబుల్ మరీ బిగుతుగా ఉంటే బాగున్న ప్లేటు కూడా జారుతుంది, ఎందుకంటే ఎవరో ఎప్పుడూ పెడల్ మీద కాలు పెట్టి ఉంచినట్టే అవుతుంది.

మన బ్యాచ్ మిత్రుడొకడికి అదే జరిగింది. క్లచ్ సెట్టంతా మార్చాలని ఒకచోట చెప్పారు. నా దగ్గరికి తెచ్చాడు. పెడల్‌ను వేలితో నొక్కి చూశాను. ముందు కొంత దూరం బరువు లేకుండా కదలాలి, దాన్ని మేం ఆట అంటాం. ఆ ఆటే లేదు. కేబుల్ చివర నట్టును నాలుగు చుట్లు వదులు చేశాం. పది నిమిషాల పని, రూపాయి ఖర్చు లేదు. ఆ కారు అదే ప్లేటుతో ఇప్పటికీ తిరుగుతోంది. ఆ పది నిమిషాల పని మాత్రం ఎవరైనా సొంతంగా నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా.

మా కారు సంగతి అలా తేలలేదు. 78,000 కిలోమీటర్లు తిరిగింది. కేబుల్ సరిచూశాను, ఆట ఉంది. పరీక్ష చేశాను, ఇంజను ఆగలేదు. అంటే గేర్‌బాక్స్ దింపక తప్పదు. ఒక వర్క్‌షాపులో బండిని కనీసం నడిపి చూడకుండానే 13,500 అవుతుందని కాగితం రాసిచ్చారు. ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, నా పానాల పెట్టె తెరిచి కూర్చున్నాను. 31 ఏళ్లు మైక్రాన్లలో పని చేసినవాడికి ఆరు బోల్టుల ప్రెషర్ ప్లేటు ఒక లెక్కా అనిపించింది. చేయాలని చాలా ఉంది. ఆ మాట దాచుకోను.

చేయాల్సిన పని ఇది. బ్యాటరీ తీగ విప్పాలి. గేర్ ఆయిల్ వంచాలి. ముందు చక్రాలు ఊడదీసి, కింది చేతుల బాల్ జాయింట్లు విప్పి, రెండు డ్రైవ్ షాఫ్టులు బయటికి లాగాలి. స్టార్టర్ మోటారు, కేబుల్, గేర్ రాడ్లు విడదీయాలి. ఇంజనును పైనుంచి ఆసరా పట్టి, గేర్‌బాక్స్ మౌంటింగు విప్పి, పాతిక ముప్పై కిలోల గేర్‌బాక్సును అటూ ఇటూ కదుపుతూ కిందికి దించాలి. దించడం సగం పనే. ఎక్కించేటప్పుడు దాని షాఫ్టు క్లచ్ ప్లేటు నడిబొడ్డులో పళ్లకు పళ్లు కలిసి దూరాలి. ప్లేటు వెంట్రుకంత పక్కకు ఉన్నా దూరదు. కారు కింద వెల్లకిలా పడుకుని గుండెల మీద పాతిక కిలోలు మోస్తూ ఆ పళ్లు కలపాలి. రోజూ చేసే ఉస్తాదుకు ఇది సగం రోజు పని. మొదటిసారి చేసేవాడికి రెండు ఆదివారాలు.

అప్పుడు నేను నాలుగు ప్రశ్నలు వేసుకున్నాను. మీకు కూడా పనికొస్తాయని చెబుతున్నాను.

మొదటిది, చోటు. మా ఇంటి ముందు ర్యాంపు వాలుగా ఉంది. వాలు మీద ఏడు వందల కిలోల బండిని స్టాండ్ల మీద నిలబెట్టి కిందికి దూరడం పనికిరాదు. రోడ్డు మీద పెడితే స్కూలు బస్సులు, నీళ్ల ట్యాంకర్లు. అపార్టుమెంటుల్లో ఉన్నవాళ్లకు సెల్లారు ఉంటుంది గానీ పక్కవాళ్ల కారు ఎలా బయటికి వెళ్లాలి?

రెండోది, మధ్యలో ఆగిపోతే? విప్పిన తర్వాతే తెలిసే సంగతులు ఉంటాయి. ఆయిల్ సీలు కారుతుండొచ్చు, ఫ్లైవీల్ పగిలి ఉండొచ్చు. ఉస్తాదు దగ్గరైతే కుర్రాడిని పంపి తెప్పిస్తాడు. మన దగ్గరైతే చక్రాలు లేని కారును అక్కడే వదిలి రాణీగంజ్ వెళ్లాలి. అదీ సొంత కారు లేకుండా.

మూడోది, డబ్బు. సొంతంగా చేస్తే మిగిలేది మొత్తం బిల్లు కాదు, కూలీ మాత్రమే. సామాను ఎవరు చేసినా కొనాల్సిందే. మా వీధి చివర నారపల్లి వైపు ఉన్న ఉస్తాదును అడిగితే కూలీ 2,800 అన్నాడు. నేను చేస్తే మంచి జాకీ స్టాండ్లు ఒక జత, ప్లేటును నడిమధ్య నిలిపే అలైన్‌మెంట్ టూలు కొనాలి, వాటికే 2,200. కారు వారం రోజులు కదలకపోతే క్యాబులకు కనీసం 2,100. అంటే 2,800 మిగుల్చుకోవడానికి 4,300 పెట్టాలి. పనిముట్లు ఇంట్లోనే మిగులుతాయి కదా అనొచ్చు, నిజమే. కానీ నా వయసులో ఇంకెన్ని క్లచ్‌లు మారుస్తాను?

నాలుగోది, ఆ కారు మీద ఎవరు ఆధారపడి ఉన్నారు? ఈ ప్రశ్నే నన్ను ఆపింది. మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. వారానికి రెండుసార్లు ఉప్పల్ వైపు ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. డాక్టరు ఒక్క వారం కూడా మానొద్దని చెప్పాడు, ఆ తొలి నెలల్లో మోకాలు బిగుసుకుపోతే మళ్లీ వంగదట. నేను పానాలు తుడుస్తుంటే ఆవిడ గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడింది.

"మీరు కారు కిందికి దూరుతరు. జాకీ జారితే నేనేం జేయాలె? ఈ మోకాలు పట్టుకొని నేను ఉరుకుతనా, లేపుతనా?"

"స్టాండ్లు పెడతానే" అన్నాను.

"పెడతరు. మీకు పని రాదని నేనన్ననా? మీరు పని చేస్తుంటే పక్కన ఒక మనిషి ఉండాలె. ఆ మనిషిని నేను గాదు."

ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో భద్రతా నియమాలు గోడకు అంటించి కుర్రాళ్లకు నేర్పినవాణ్ని నేను. ఒంటరిగా బరువు కింద పనిచేయకూడదన్నది అందులో మొదటిది. ఆవిడ ఆ బోర్డు చదవకుండానే చెప్పింది.

నాలుగు ప్రశ్నల్లో మూడింటికి జవాబు వద్దనే వచ్చింది. అయితే "ఇచ్చేయడం" అంటే తాళం చెవి బల్ల మీద పెట్టి వచ్చేయడం కాదు. పనిని రెండుగా విడగొట్టాను. రోగం తేల్చడం నాది, అది అయిపోయింది. సామాను కొనడం నాది. గేర్‌బాక్స్ దింపి ఎక్కించడం ఉస్తాదుది. మధ్యలో విప్పిన చోట కొలిచి చూడటం ఇద్దరిదీ. ఉస్తాదుకు ముందే చెప్పాను, నేను పక్కన ఉంటాను, పాత సామానంతా నాకు ఇచ్చేయాలి అని. ఆయన నవ్వాడు. "ఉండున్రి సార్. సూసేటోడు ఉంటే చేసేటోడు ఇంకా మంచిగ చేస్తడు" అన్నాడు.

సామాను కొనేటప్పుడు రెండు మాటలు. ప్లేటు ఒక్కటే మార్చి ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు పాతవి ఉంచకండి. మళ్లీ గేర్‌బాక్స్ దింపే కూలీ ఆ బేరింగు ధరను మించుతుంది. వాలియో, ఎక్సెడీ, ల్యూక్ వంటి పేరున్న కంపెనీల సెట్లు దొరుకుతాయి, కానీ అవే డబ్బాల్లో నకిలీలు కూడా దొరుకుతాయి. బిల్లు ఇచ్చే దుకాణంలో, కారు మోడల్, తయారైన సంవత్సరం చెప్పి కొనండి. పాత ప్లేటు పక్కన కొత్తది పెట్టి వ్యాసం, నడిబొడ్డు పళ్ల సంఖ్య సరిచూశాకే బిగించనివ్వండి.

పొద్దున తొమ్మిదిన్నరకు మొదలైంది. ఉస్తాదుతోపాటు ఒక కుర్రాడు. పన్నెండు కాకముందే గేర్‌బాక్స్ నేల మీద ఉంది. ప్రెషర్ ప్లేటు బోల్టులు ఆ కుర్రాడే విప్పాడు. ఒకదాన్ని పూర్తిగా విప్పకుండా, ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా వదులు చేస్తూ వచ్చాడు. అలా చేయకపోతే లోపలి స్ప్రింగు బలానికి ప్లేటు వంకరపోతుంది. ఎవరూ చెప్పకుండానే చేశాడు. నాకు ముచ్చటేసింది.

ఇప్పుడు మీ మధ్య తిరుగుతున్న పాలిథిన్ కవరులో ఉన్నది ఆ ప్లేటే. కవరు విప్పకండి. పాత క్లచ్ ప్లేట్ల మందులో రాతినార కలిపేవారు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ఏ ప్లేటులో ఉందో కంటికి తెలియదు కాబట్టి అన్నిటినీ ఒకలాగే చూడాలి. ఉస్తాదు గాలి పైపు అందుకోబోతుంటే తడి గుడ్డతో తుడవమని అడిగాను. ఆయన ముందు వింతగా చూసి, ఎందుకో విన్నాక కుర్రాడి ముక్కుకు కూడా గుడ్డ కట్టించాడు. ప్లేటు మీద రివెట్ల తలలు చూడండి, మందు దాదాపు వాటి దాకా అరిగింది. ఇంకొన్నాళ్లు నడిపితే ఆ రివెట్లు ఫ్లైవీల్‌ను గీసేవి. ఒక అంచున నల్లగా మెరుస్తున్న మరక కూడా ఉంది చూశారా? అది ఆయిల్. ఇందాక చెప్పిన లెక్కలో గుణకాన్ని సగానికి దించిన నాలుగు చుక్కలు అవే. ఇంజను వెనక ఆయిల్ సీలు చెమ్మగిల్లింది. కొత్త ప్లేటు వేసి దాన్ని అలాగే వదిలితే కొన్నాళ్లకు కొత్తదీ జారేది. ఆ సీలు 250 రూపాయలు. కుర్రాడు బండి మీద వెళ్లి అరగంటలో తెచ్చాడు. అదే మా ర్యాంపు మీద అయితే ఆ రోజు పని అక్కడితో ఆగేది.

ఫ్లైవీల్ మీద నీలం మచ్చలున్నాయి, వేడికి వచ్చినవి. "ఎమ్రీ కొడితే చాలు" అన్నాడు ఉస్తాదు. నేను స్ట్రెయిట్ ఎడ్జి పెట్టి ఫీలర్ గేజితో చూశాను. సమంగానే ఉంది, పగుళ్లు లేవు. ఆయన కంటితో చెప్పింది నా గేజి ఒప్పుకుంది. ఆయన గేజి తీసుకుని తనూ దూర్చి చూసి, "ఇది ఎక్కడ దొరుకుతది సార్?" అని అడిగాడు. నా దగ్గరున్న రెండోది ఇచ్చేశాను. సాయంత్రం నాలుగింటికి కారు రోడ్డెక్కింది. సెట్టు 3,900, గేర్ ఆయిల్, షాఫ్టుల సీళ్లు 1,100, వెనక సీలు 250, కూలీ 2,800. మొత్తం 8,050. మర్నాడు ఫిజియోథెరపీకి సమయానికే వెళ్లాం.

దీన్నిబట్టి ఎవరూ సొంతంగా చేసుకోవద్దని నేను చెప్పడం లేదు. మన జూనియర్ ఒకడు ఘట్‌కేసర్ దగ్గర ఉంటాడు. పాత మారుతి 800 ఉంది, దానితోపాటు రోజూ వాడే బండి ఇంకొకటి ఉంది. వాళ్ల బావమరిది ట్రాక్టర్ షెడ్డులో సిమెంటు గచ్చు, చైను పుల్లీ ఉన్నాయి. ఇద్దరూ కలిసి రెండు ఆదివారాల్లో క్లచ్ మార్చారు. నా నాలుగు ప్రశ్నలకూ వాళ్ల జవాబు అవుననే. చదునైన చోటుంది, ఆగిపోయినా నష్టం లేదు, పనిముట్లు ఉన్నాయి, ఎవరి మోకాలూ ఆ కారు మీద ఆధారపడి లేదు. వాళ్లు చేసుకోవడమే సరైనది. ఆ బండి గురించి వాళ్లకిప్పుడు తెలిసినంత ఏ వర్క్‌షాపుకూ తెలియదు.

అలా చేసుకునేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు చెప్పి ముందుకెళ్తాను. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఎత్తాక తప్పకుండా స్టాండ్లు పెట్టాలి. ఇటుకలు, హాలో బ్లాకులు పెట్టకండి, అవి చెప్పకుండా పగులుతాయి. వెనక చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టండి. పక్కన ఒక గట్టి మనిషి ఉండాలి. గేర్‌బాక్స్ బరువు కొత్త ప్లేటు నడిబొడ్డు మీద వేలాడనివ్వకండి, వంగితే ప్లేటు పాడైనట్టే. మందు మీద గ్రీజు చేతులు పెట్టకండి. బోల్టులు చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచితో, పుస్తకంలో చెప్పినంతే బిగించండి. ఆఖరిగా, గేర్ ఆయిల్ తిరిగి పోశారా అని ఇద్దరూ విడివిడిగా చూడండి.

ఇప్పుడు మన బడి సంగతి. ప్రెషర్ ప్లేటు విప్పిన ఆ కుర్రాడితో మధ్యాహ్నం టీ తాగుతూ ఏ బడిలో చదివావు బాబూ అని అడిగాను. మన బడే. పదో తరగతి ఇక్కడే పాసయ్యాడు. స్వర్ణోత్సవాలు జరుగుతున్నాయి, వస్తావా అన్నాను. "గక్కడికి పెద్ద పెద్దోళ్లు వస్తరు కదా సార్. ఆఫీసర్లు, అమెరికా నుంచి వచ్చినోళ్లు. నేనేం జెప్తా?" అన్నాడు.

యాభై ఏళ్లలో ఈ బడి నుంచి వేలమంది బయటికి వెళ్లారు. మన సంఘం పుస్తకంలో ఎంతమంది పేర్లున్నాయో కార్యదర్శి గారికి తెలుసు. అందులో డ్రైవర్లు ఎందరు, వెల్డర్లు ఎందరు, టైలరింగు చేసే అమ్మాయిలు ఎందరు? వాళ్లు రాకపోవడానికి కారణం మన ఆహ్వాన పత్రంలో లేదు, మనం ఒకరినొకరు పరిచయం చేసుకునే తీరులో ఉంది. ఆ రోజు షెడ్డులో నా కారుకు కావలసిన చదువు ఆ కుర్రాడి దగ్గర ఉంది. ఎదురెదురు బోల్టులు ఎందుకు విప్పాలో వాడికి చేతికి తెలుసు. ఎందుకలా అన్న లెక్క నాకు తెలుసు. ఈ రెండూ ఒకే బడిలో నేర్చినవాళ్లం, ముప్పై ఏళ్ల తేడాతో.

కాబట్టి సంఘానికి ఒక విన్నపం. మా రోజుల్లో క్రాఫ్ట్ పీరియడ్ ఉండేది, దారం వడికినా, అట్టపెట్టెలు చేసినా చేతికి ఏదో ఒక పని తెలిసేది. ఇప్పుడు మళ్లీ ఏడాదికి రెండు శనివారాలు చాలు. తొమ్మిది, పదో తరగతి పిల్లలకు ఒక బల్ల, కొన్ని పనిముట్లు, నేర్పడానికి పని తెలిసిన పూర్వ విద్యార్థి. సైకిలు పంక్చర్ కావచ్చు, ఫ్యాను కండెన్సర్ కావచ్చు, క్లచ్ కేబుల్ సవరించడం కావచ్చు. నా పానాల పెట్టెలో సగం దానికి ఇస్తాను. ఈ ప్లేటు, ప్రెషర్ ప్లేటు శుభ్రం చేయించి అద్దాల పెట్టెలో పెట్టి సైన్సు ప్రయోగశాలకు ఇస్తున్నాను. ఘర్షణ పాఠం చెప్పే రోజున టీచర్లకు పనికొస్తుంది. నేర్పేవాళ్లకు మిగతా వక్తలకిచ్చినట్టే శాలువా, జ్ఞాపిక ఇవ్వాలి, వాళ్ల పేర్లు కూడా కరపత్రంలో వేయాలి.

ఆ కుర్రాడు ఈ రోజు వచ్చాడు. వెనక తలుపు దగ్గర ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పను. మొదటి శనివారం తనే వస్తానని మాత్రం ఒప్పుకున్నాడు. భోజనాల దగ్గర ఎవరి కారైనా ఎత్తు ఎక్కేటప్పుడు ఉత్తినే గర్జిస్తుంటే మా ఇద్దరినీ కలవండి. ముందు కేబుల్ చూద్దాం, తర్వాత మిగతాది మాట్లాడుకుందాం.